మిగులు జబ్బు

ఒక మనిషికి ఒకే జబ్బు ఉండాలన్న ఉత్తర్వు వచ్చేనాటికి చక్రవేణికి ఉన్నది ఒకే జబ్బు. అందుచేత ఆ ఉత్తర్వు సంగతి విని ఆవిడ ముందు సంతోషించింది. కొంతమందికి ఎన్నున్నా చాలవని, ఇప్పటికైనా అడిగేవాడు వచ్చాడని, బజ్జీలు తిరగేస్తున్న మొగుడితో అంది కూడా.

ఆ ఒక్కటీ ఊపిరితిత్తులది. సినిమా హాలు పక్కన ఊకపొయ్యి పెట్టి, పెళ్ళయిన ఏడాది నుంచీ మిరపకాయ బజ్జీలూ పునుగులూ వేసిన మనిషికి ఆ జబ్బు రాకపోతేనే ఆశ్చర్యం. అన్నేళ్ళ పొగ లోపల పేరుకుని, నాలుగడుగులు వేస్తే ఆయాసం, మెట్టెక్కితే దగ్గు. అయినా పెద్దాసుపత్రిలో నెలనెలా ఉచితంగా ఇచ్చే పీల్చే మందు పుణ్యమా అని రోజులు సాఫీగానే దొర్లిపోతున్నాయి. పొయ్యి గ్యాసుకు మారింది. బాండీ దగ్గర కూర్చునే పని మొగుడు తాతారావు తీసుకున్నాడు. జనాన్ని పిలిచే పని మాత్రం ఆవిడ వదల్లేదు. ఇంటర్వెల్ గంట కొట్టగానే స్టూలు మీద కూర్చుని చక్రవేణి ఒక్క కేక వేస్తే, కొనే ఉద్దేశం లేనివాళ్ళు కూడా వచ్చి పొట్లం కట్టించుకునేవారు. తాతారావుకు ఆ విద్య లేదు. ఆయన అవసరానికి మాత్రమే మాట్లాడతాడు, అది కూడా అవసరం దాటిపోయాక.

ఉత్తర్వు ఎందుకు వచ్చిందంటే, ఆసుపత్రుల లెక్కలు తనిఖీ చేసిన పెద్దలకు ఒక ఘోరం కంటబడింది. రోగుల కంటె జబ్బులు ఎక్కువగా ఉన్నాయి. ఒక్కొక్కరి పేర రెండేసి, మూడేసి. ఒక పెద్దమనిషైతే ఏకంగా అరడజను అట్టిపెట్టుకుని, కిటికీ కిటికీకీ తిరిగి మందులు తీసుకుంటున్నాడు. ఇది సమానత్వానికి గొడ్డలిపెట్టని రాజధానిలో తీర్మానించి, జిల్లాకు పరాంకుశం గారనే ప్రత్యేకాధికారిని పంపారు. ఆయన ఉద్యోగమంతా భూసంస్కరణల విభాగంలో, సీలింగు కేసుల మధ్య గడిచింది. వైద్యం గురించి ఆయనకు ఏమీ తెలియదు. తెలియదు గనుకనే నిష్పక్షపాతంగా వ్యవహరించగలనని మొదటి సమావేశంలోనే హామీ ఇచ్చారు.

"ఒక కుటుంబానికి ఇంతే భూమి అని హద్దు పెట్టుకున్నాం. ఒక శరీరానికి ఇంతే జబ్బు అని మాత్రం ఇన్నాళ్ళూ పెట్టుకోలేకపోయాం. చరిత్రలో మిగిలిపోయిన ఆ లోపాన్ని ఈ పథకం సవరిస్తుంది" అన్నారాయన.

పథకం పేరు వ్యాధి గరిష్ఠ పరిమితి. ఆసుపత్రి గోడల నిండా 'ఒక మనిషి, ఒక జబ్బు, ఒక చీటీ' అని రాయించారు. రోగులందరూ తమ తమ జబ్బులకు డిక్లరేషను ఇచ్చి, ఒకటి అట్టిపెట్టుకుని తక్కినవి స్వచ్ఛందంగా వదులుకోవాలి. వరండాలో పెద్ద చర్చ నడిచింది. షుగరూ బీపీ రెండూ ఉన్న ఒక రిటైర్డు మేష్టారు బాగా ఆలోచించి బీపీని వదిలేశారు. షుగరు వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చిన పిత్రార్జితమట, బీపీ స్వార్జితమట. మోకాళ్ళ నొప్పీ తలనొప్పీ ఉన్న ఒకావిడ, మోకాళ్ళ విభాగం మూడో అంతస్తులో ఉందని తెలిసి మోకాళ్ళు వదులుకుంది. చక్రవేణికి ఈ యాతన లేదు. ఊపిరితిత్తులని రాయించి, సంతకం చేసి, దర్జాగా ఇంటికొచ్చింది.

అన్నీ ఇలాగే ఉంటే చెప్పుకోవడానికేముంది. ఊపిరితిత్తుల విభాగంలో డాక్టర్ నీరజ అనే అమ్మాయి కొత్తగా చేరింది. పని మీద శ్రద్ధ ఉన్న మనిషి. చక్రవేణి ఈమధ్య బాగా చిక్కిపోవడం, అన్నం సయించడం లేదనడం, పొద్దున్న లేస్తూనే నీరసమనడం ఆవిడ గమనించింది. పాతబడిన ఊపిరితిత్తుల జబ్బు వాళ్ళకు థైరాయిడ్ హార్మోన్లు కూడా తప్పటడుగులు వేస్తుంటాయని చదివిన మనిషి కావడంతో, ఎందుకైనా మంచిదని రక్తపరీక్ష చేయించింది. అనుకున్నట్టే అందులో టీ-త్రీ అనే హార్మోను తక్కువగా ఉంది, మిగతావి సవ్యంగా ఉన్నాయి. డాక్టరమ్మ ఆ ఫలితాన్ని కంప్యూటరులోకి ఎక్కించింది.

ఆవిడ చేసిన తప్పేదైనా ఉంటే అదొక్కటే. కొత్త పథకం కింద కంప్యూటరులో జబ్బు రాయడానికి ఒకటే గడి ఉంది. కొత్తది వస్తే పాతది పోతుంది. ఊపిరితిత్తులు ఉన్న గడిలో థైరాయిడ్ వచ్చి కూర్చుంది.

మర్నెల మందు కోసం వెళ్తే, కిటికీలోని గుమస్తా తెర వంక చూసి, మీకు ఊపిరితిత్తుల జబ్బు లేదని మర్యాదగా చెప్పాడు. చక్రవేణి నమ్మలేదు. సాక్ష్యంగా అక్కడే నిలబడి, వెనక వరసలో వాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగేలా దగ్గి చూపించింది.

"మరి ఇదేటి?" అంది ఊపిరి కూడదీసుకుని.

"అది థైరాయిడ్ దగ్గు అయ్యుంటుందండి. రెండో అంతస్తులో అడగండి."

రెండో అంతస్తు ఎక్కేసరికి చక్రవేణికి కళ్ళు తిరిగాయి. తాతారావు ఒక చేత్తో చీటీ, ఒక చేత్తో పెళ్ళాం జబ్బ పట్టుకుని డాక్టర్ వామనరావు గదిలోకి తీసుకెళ్ళాడు. వామనరావు గారు రిటైరుమెంటుకు దగ్గరపడ్డ మనిషి. వ్యాధి గరిష్ఠ పరిమితి వచ్చాక థైరాయిడ్‌ని అట్టిపెట్టుకునేవాళ్ళు తగ్గిపోయి ఆయన విభాగం వెలవెలబోయింది. మనిషిని చూడగానే మొహం చాటంత చేసుకుని కూర్చోబెట్టారు. రిపోర్టు చూశారు, మెడ తడిమి చూశారు, గుండెల మీద గొట్టం పెట్టి విన్నారు.

"నువ్వు బజ్జీలు వేస్తావు గదా. హాల్లో జనం లేరనుకో, ఏం చేస్తావు? పొయ్యి మంట తగ్గిస్తావు. అంతమాత్రాన పొయ్యి పాడైనట్టు కాదు గదమ్మా. నీ ఒళ్ళూ అదే చేసింది. గాలి సరిగ్గా అందడం లేదని మంట తగ్గించుకుని, ఉన్నదాంతో సరిపెట్టుకుంటోంది. ఊపిరితిత్తులకు మందు పడనీ, మంట అదే పెంచుకుంటుంది" అన్నారు.

ఆ మాట చక్రవేణికి బాగా నచ్చింది. అయితే ఆ సంగతే కాగితం మీద రాసి ఇమ్మంది. వామనరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అసలు ఇబ్బంది చెప్పారు. ఆవిడ పేర ఇప్పుడున్న జబ్బు థైరాయిడ్ ఒక్కటే. అది లేదని తాను రాస్తే గడి ఖాళీ అవుతుంది. గడి ఖాళీ అయినవాళ్ళను కంప్యూటరు ఆరోగ్యవంతులుగా ప్రకటించి, అభినందనలు పంపి, చీటీ రద్దు చేస్తుంది. కిందటి వారం ఒకాయనకు అలాగే అయిందట. పాపం, జ్వరంతో వచ్చి వరండాలో కూర్చుంటే, ఆరోగ్యవంతులకు ఇక్కడ ప్రవేశం లేదని బయటికి పంపించారట.

కిందికి వెళ్తే నీరజ లబలబలాడింది. జబ్బు ఊపిరితిత్తులదేనని ఆవిడకూ తెలుసు. కానీ గడి మార్చే అధికారం రాజధానికి తప్ప ఎవరికీ లేదు. థైరాయిడ్ విభాగం తమకు అభ్యంతరం లేదని రాసిస్తే తాను పైకి సిఫారసు చేస్తానంది. అసలు తన దగ్గర లేని జబ్బును తానెలా వదిలిపెడతానని పైనుంచి వామనరావు గారు జవాబు పంపారు. ఇద్దరు డాక్టర్లూ ఒకటే మాట చెబుతున్నారు. వైద్యానికి అదొక్కటే అడ్డమొచ్చింది.

ఉండబట్టలేక నీరజ తన సొరుగులో ఉన్న పీల్చే మందు ఒకటి చక్రవేణి చేతిలో పెట్టింది. మూడోనాడే జబ్బు లేని మనిషికి మందు ఇచ్చినందుకు సంజాయిషీ అడిగారు. తరవాత తాతారావు మందుల షాపులో ఒకటి కొనుక్కొచ్చాడు. ఇంకోటి కొనడం తమవల్ల కాదని చక్రవేణి దాన్ని పొదుపుగా వాడడం మొదలుపెట్టింది. పూట మార్చి పూట పీల్చేది. నెల తిరిగేసరికి ఇంటర్వెల్‌లో కేక వేయడం మానేసి, గరిటెతో బాండీ అంచు మీద కొట్టడం మొదలెట్టింది. ఆ చప్పుడుకు జనం రాలేదు. సరే తానే పిలుద్దామని తాతారావు ఒకరోజు గొంతు సవరించుకుని అరిచాడు. ఎవర్నో తిడుతున్నాడనుకుని ఉన్నవాళ్ళు కూడా తప్పుకున్నారు.

చివరికి మొగుడూ పెళ్ళాం అర్జీ పట్టుకుని పరాంకుశం గారి దర్శనానికి వెళ్ళారు. ఆయన మంచివారు. కుర్చీలు వేయించారు, మంచినీళ్ళు ఇప్పించారు, మొత్తం విన్నారు.

"మీకు అన్యాయం జరిగిందని నేను అనను. జరగలేదనీ అనను. ఇది హద్దుల వివాదం" అన్నారు.

థైరాయిడ్ ఎక్కడుంటుందని ఆయన ఆరా తీశారు. మెడ ముందుభాగంలో, ఊపిరి గొట్టం మీద సీతాకోకచిలుకలా వాలి ఉంటుందని ఎవరో చెప్పారు. మరి ఆ గొట్టం ఎవరిదన్నారు. అది మెడలో మొదలై ఛాతీలోకి దిగుతుందన్నారు. పరాంకుశం గారి మొహంలో చాలాకాలానికి సొంతూరు వెళ్ళిన మనిషి మొహంలో కనిపించే కళ వచ్చింది. రెండు గ్రామాల మీదుగా పోయే పంట కాలువ తగాదాలు ఆయన ఎన్ని చూడలేదు. మెడ ఎక్కడ అయిపోతుందో, ఛాతీ ఎక్కడ మొదలవుతుందో తేలితే తప్ప, దగ్గు ఏ గ్రామం కిందికి వస్తుందో తేలదు. వెంటనే అంగ సరిహద్దుల నిర్ణయ సంఘాన్ని నియమించి, సర్వేయరుకు కబురు చేశారు.

సర్వేయరు గవర్రాజు పొలాల మీద తప్ప మనిషి మీద ఎప్పుడూ టేపు వేయలేదు. పైగా చక్రవేణి బజ్జీలకు పాత ఖాతాదారు. ఆవిణ్ణి సమావేశ మందిరంలో కుర్చీ మీద చూసి మొహమాటపడ్డాడు. నిబంధనల ప్రకారం పక్క హద్దుదారులందరికీ ముందే నోటీసులు వెళ్ళాయి గనుక, అన్ని విభాగాల పెద్దలూ వచ్చి వరసగా కూర్చున్నారు. గొంతు తాతల నాటి నుంచీ తమ అనుభవంలో ఉందని, థైరాయిడ్ వాళ్ళు నిన్నగాక మొన్న వచ్చి అందులో పాక వేసుకున్నారని ముక్కు, చెవి, గొంతు విభాగం వారు వాదించారు. గుండె విభాగం వారు, తమది చిన్న చెక్కే అయినా చుట్టూ ఊపిరితిత్తులే ఉన్నందున రాకపోకలకు దారి ఇప్పించాలని కోరారు. మొత్తం కమతానికి కంచె తమదేనని, తమ అనుమతి లేనిదే లోపలికి ఎవరూ అడుగుపెట్టరాదని చర్మ విభాగం వారు అభ్యంతరం దాఖలు చేశారు. ఎముకల వారు మాత్రం మర్యాదస్తులు. హద్దురాళ్ళు తాము ఇస్తామని, మెడ కింద అడ్డంగా ఉన్న రెండు ఎముకలూ అందుకు పనికొస్తాయని చెప్పారు. నీరజ లేచి ఏదో చెప్పబోతే, ఆవిడ కక్షిదారు గనుక తన వంతు వచ్చేదాకా కూర్చోమన్నారు.

గవర్రాజు హద్దులు చదివాడు. ఉత్తరం గడ్డం, దక్షిణం కడుపు, తూర్పు ఎడమ భుజం, పడమర కుడి భుజం. చదవడం అయ్యాక టేపు పట్టుకుని ఒకసారి కొలిచాడు, రెండోసారి కొలిచాడు. రెండు కొలతలూ కలవలేదు. మూడోది అసలు దేనితోనూ కలవలేదు.

"హద్దు నిలబడ్డం లేదండి. ఈవిడ ఊపిరి తీసినప్పుడల్లా పైకి లేత్తంది" అన్నాడు.

పరాంకుశం గారు చక్రవేణి వైపు తిరిగి, ఎంతో సౌమ్యంగా చెప్పారు.

"సర్వే పూర్తయ్యేదాకా మీరు ఊపిరి తీసుకోకండమ్మా. ఎంతోసేపు పట్టదు."

చక్రవేణి ఆయన వంక చూసింది. మాటకూ మాటకూ మధ్య గాలి వెతుక్కుంటూ అంది.

"నెల్లాళ్ళ నుంచీ ఆ పనే చేత్తన్నానండి."

ఆ తరవాత ఆవిడ కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయింది. పెదాలు నేరేడుపళ్ళలా నల్లబడ్డాయి. తాతారావు పడిపోకుండా పట్టుకున్నాడు. నీరజ కుర్చీలు తోసుకుంటూ వచ్చి, చక్రాల బల్ల మీద ఎక్కించి, తానే తోసుకుంటూ ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది. గదిలో మిగిలిన పెద్దలు కుర్చీలు సర్దుకుని కూర్చున్నారు. ఆవిడ స్పృహ తప్పింది ఛాతీలోనా, మెడలోనా, తలలోనా అని మెదడు విభాగం వారు సందేహం వెలిబుచ్చారు. 'వివాదాస్పద స్థలం సమావేశం నుంచి నిష్క్రమించినందున సర్వే వాయిదా వేయడమైనది' అని తీర్మానం రాసుకుని లేచారు.

ఎమర్జెన్సీలో ఆక్సిజను పెట్టాక చక్రవేణి కళ్ళు తెరిచింది. అయితే జబ్బు తేలని మనిషిని అక్కడ ఒక పూటకు మించి ఉంచకూడదు. ఆ సంగతి గుర్తు చేయడానికి సాయంత్రానికే ఒక ఉద్యోగి వచ్చాడు. గొట్టం తీయాలనుకుంటే వచ్చి తీసుకోమని, తాను మాత్రం ఇక్కణ్ణించి కదలనని నీరజ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆ ఉద్యోగికి గొట్టాలు తీయమని ఉత్తర్వు లేదు, గుర్తు చేయమని మాత్రమే ఉంది. గుర్తు చేసి వెళ్ళిపోయాడు.

తాతారావు బయట వరండాలో గోడకు చేరగిలబడి ఉన్నాడు. గవర్రాజు వచ్చి పక్కన చతికిలబడ్డాడు. తన చేత్తో టేపు పట్టుకున్నందుకు గవర్రాజు మనసు మనసులో లేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"బాబాయ్, నీకు జబ్బులేమన్నా ఉన్నాయా?"

లేవని తాతారావు తల అడ్డంగా తిప్పాడు.

"అయితే ఇంకేటి. సీలింగొచ్చినప్పుడు పెద్ద రైతులందరూ ఏం చేశారు? మిగులు భూమంతా పాలేరు పేర్నా, బామ్మరిది పేర్నా రాసి పడేశారు. ఒక్క సెంటు పోనిచ్చారా? పిన్నికి రెండయినియ్యి, నీకు ఒక్కటీ లేదు. ఆ థైరాయిడేదో నీ పేర రాయించేసుకో. ఆవిడది ఆవిడకుంటది."

తాతారావు జీవితంలో మొదటిసారి అవసరం దాటకముందే మాట్లాడాడు. మర్నాడు ఆఫీసు తెరవగానే పరాంకుశం గారి ముందు నిలబడి, చేతులు కట్టుకున్నాడు.

"మా ఆడదాని మిగులు జబ్బు నా పేర రాసెయ్యండి బాబూ. నాకేం లేవండి. ఖాళీయేనండి."

పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. తన సర్వీసంతా మిగులు భూముల వెంట పరిగెత్తారాయన. మిగులుందని తనంతట తాను వచ్చి ఒప్పుకున్న మనిషిని ఒక్కణ్ణీ చూడలేదు. ఈ పథకంలో కూడా వదిలించుకున్న జబ్బులు ఎటు పోతున్నాయో ఎవరికీ తెలియక, ఫైలు అసంపూర్తిగా ఉంది. ఇదిగో, దారి దొరికింది. భూమి లేని పేదకు మిగులు భూమి, జబ్బు లేని పేదకు మిగులు జబ్బు.

"మీరు ఈ రాష్ట్రంలో మొదటి లబ్ధిదారులు" అన్నారు, తాతారావు చేతులు పట్టుకుని.

పని చకచకా సాగింది. ఆయన మీద వేరే జబ్బుల తాకట్టేమీ లేదని రుజువు కావడానికి ప్రతి విభాగం వారూ తాతారావును పరీక్షించి సంతకం పెట్టారు. చర్మం వాళ్ళు మాత్రం వీపు మీద పుట్టుమచ్చ చూసి ఒక పూట ఆలస్యం చేశారు. స్టాంపు కాగితం మీద దస్తావేజు రాశారు. దాని ప్రకారం ఆనాటి నుంచి సదరు థైరాయిడ్‌ను తాతారావు దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో, పుత్రపౌత్ర పారంపర్యంగా, నిరాటంకంగా, సుఖంగా అనుభవించవచ్చు. చక్రవేణి మంచం మీద నుంచే సంతకం చేసింది. ఆక్సిజను గొట్టం ముక్కున ఉండగానే, ఇంతకాలం కాపురంలో తాను మొగుడికి ఇచ్చిన ఆస్తి ఇదొక్కటేనని నవ్వబోయి దగ్గింది.

దస్తావేజు రాజధానికి వెళ్ళింది. అక్కడ థైరాయిడ్‌ని ఆవిడ గడిలోంచి తీసి తాతారావు గడిలో పెట్టారు. గడి ఖాళీగా ఉండకూడదు గనుక కంప్యూటరు పాత జబ్బునే వెతికి తెచ్చి చక్రవేణికి అప్పజెప్పింది. కిటికీలో గుమస్తా తెర చూసి, మీకు ఊపిరితిత్తుల జబ్బు ఉందండీ అని సంతోషంగా ప్రకటించాడు. ఆవిడ అంతకంటె సంతోషంగా మందు అందుకుంది.

మందు మళ్ళీ క్రమంగా పడడంతో మనిషి తేరుకుంది. అన్నం సయించింది. స్టూలు మీద కూర్చుని ముందు మెల్లగా పిలిచింది, తరవాత ఒక మోస్తరుగా, దసరాకు కొత్త సినిమా పడేనాటికి హాలు గేటు దాకా వినబడేలా. నీరజ ఊరుకోలేక మళ్ళీ రక్తం తీయించి చూసింది. వామనరావు గారు చెప్పినట్టే టీ-త్రీ దానంతట అదే పైకి వచ్చింది. ఈసారి డాక్టరమ్మ ఆ సంగతి కంప్యూటరుకు చెప్పలేదు.

తాతారావు నెలనెలా రెండో అంతస్తుకు వెళ్ళాలి. వామనరావు గారు రక్తం తీయించేవారు. అన్నీ సవ్యంగా ఉండేవి. ఉన్నవి ఉన్నట్టు రాసి, టీ తెప్పించి, తన చిన్నప్పటి ఊరి సంగతులు చెప్పేవారు. తాతారావు వినేవాడు. వినే మనిషి దొరకడం వామనరావు గారికి ఆ ఉద్యోగంలో అదే మొదలు.

సంగతి ఊళ్ళో పొక్కింది. జబ్బు లేని మనుషులకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. మేష్టారు గారు వదులుకున్న బీపీని బీకాం చదివే మేనల్లుడి పేర రాసి, మందులు తాను వేసుకోసాగారు. మోకాళ్ళావిడ తన మోకాళ్ళను పక్కింటి కబడ్డీ ఆటగాడికి దత్తత ఇచ్చింది. పెళ్ళిచూపుల్లో అబ్బాయి జీతం అడిగాక, జబ్బు ఖాళీ ఉందా అని అడగడం మర్యాదలో భాగమైపోయింది. జిల్లాలో ప్రతివాడికీ కచ్చితంగా ఒక్కొక్క జబ్బు వచ్చింది, ఎవడికీ రెండు లేవు. పరిమితి నూటికి నూరుపాళ్ళూ అమలైన ఏకైక జిల్లాగా ప్రకటించారు. పైగా థైరాయిడ్ విభాగంలో ఇలా పేర రాయించుకున్న రోగులందరికీ మందు చుక్క పడకుండానే రిపోర్టులు సవ్యంగా వస్తున్నాయి. ఇలాంటి ఫలితం దేశంలో ఎక్కడా లేదని రాజధాని నుంచి పెద్దలు వచ్చి, టౌన్ హాల్లో సభ పెట్టించారు.

వేదిక మీద మధ్యన తాతారావును కూర్చోబెట్టి దండ వేశారు. పరాంకుశం గారు చాలాసేపు మాట్లాడారు. మొట్టమొదటి లబ్ధిదారే మొట్టమొదట కోలుకున్న రోగి కూడా కావడం పథకం గొప్పదనమన్నారు. జబ్బుతో ఎంత బాధపడ్డారో, ఇప్పుడెలా ఉందో సభకు చెప్పమని మైకు తాతారావు ముందు పెట్టారు.

తాతారావు మైకు వంక చూశాడు. మొదటి వరసలో కూర్చున్న పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ కానివ్వమన్నట్టు తల ఊపింది.

"ఆవిడకి ఆయాసం వత్తే, ఊపిరి ఆగిపోద్దేమో అని వింటా కూర్చునేవోణ్ణండి. నిద్దర పట్టేది కాదు" అన్నాడు. మైకు కాస్త దగ్గరికి లాక్కున్నాడు. "ఇప్పుడు పడతందండి."

అంతే చెప్పి కూర్చున్నాడు. చక్రవేణి కొంగుతో మొహం తుడుచుకుంది. ఇంత మాట ఆయన ఇంట్లో కూడా ఎప్పుడూ అనలేదు. వెనక ఎక్కడో నీరజ చప్పట్లు కొట్టింది. వామనరావు గారు కొట్టారు. మిగతా సభ అందుకుంది.

పరాంకుశం గారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన నుదురు ముడిపడింది. పక్కనున్న గుమస్తా వైపు వంగి, మైకు ఇంకా పని చేస్తున్నదన్న సంగతి మరిచిపోయి అడిగారు.

"నిద్ర పట్టకపోవడం థైరాయిడ్ కిందికి వస్తుందా, వేరే విభాగమా? వేరే అయితే ఈయనకు రెండయినట్టే గదా."

గుమస్తా కాగితాల్లో వెతకడం మొదలెట్టాడు. చక్రవేణి లేచింది. వేదిక మెట్లు ఆగకుండా ఎక్కి, మొగుడి మెడలోని దండ తీసి కుర్చీ మీద పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుంది.

"లేవయ్యా, ఫస్టు షో ఇంటర్వెల్ అవుతంది" అంది.

ఇద్దరూ మెట్లు దిగి, జనం మధ్యనుంచి వీధిలోకి వెళ్ళిపోయారు.